మూత తీయని పెరుగు కప్పు: విమానంలో మిగిలిన భోజనం ఎక్కడికి పోతుంది?

కృష్ణాతీరం | ఆదివారం, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. పోయిన వారం మా అమ్మాయి దగ్గర నుంచి తిరిగి వచ్చాను. గల్ఫ్‌లో విమానం మారి హైదరాబాదుకు రెండో ప్రయాణం. అర్ధరాత్రి దాటాక ఎక్కాం. గంట గడిచిందో లేదో దీపాలు వెలిగించి భోజనాలు పెట్టారు. నా పక్క సీటులో పాతికేళ్ల కుర్రవాడు, సెలవు మీద ఇంటికి వస్తున్నట్టున్నాడు, అప్పటికే గాఢ నిద్రలో ఉన్నాడు. వెజ్జా, నాన్‌వెజ్జా అని అడిగితే సగం కళ్లు తెరిచి తలూపి మళ్లీ నిద్రపోయాడు. బల్ల తెరిచి ట్రే పెట్టి వెళ్లారు.

అరగంట తర్వాత ఆ ట్రే పెట్టింది పెట్టినట్టే వెనక్కి వెళ్లింది. రేకు మూత కింద అన్నం, కూర, గుండ్రటి బన్ను, వెన్న బిళ్ల, మూత అతికించి ఉన్న పెరుగు కప్పు, నీళ్ల సీసా, పాలిథిన్ కవరులో చెంచా, ఫోర్కు, ఉప్పు, మిరియాల పొట్లాలు. ఒక్కటీ విప్పలేదు.

ట్రే తీసుకుంటున్న అమ్మాయిని అడిగాను: “అమ్మా, ఆ పెరుగు మూతైనా తీయలేదు కదా, దాన్నేం చేస్తారు?” “అన్నీ పారేయాల్సిందేనండీ” అంది. ఆ మాట అనడానికి ఆ పిల్లకూ ఇబ్బందిగానే ఉంది.

ముప్పై ఏళ్లు ప్రభుత్వ పాఠశాలలో పనిచేశాను. “ఇంకో గుడ్డు ఉందా టీచర్?” అని పళ్లెం పట్టుకుని అడిగే పిల్లల ముందు నిలబడినదాన్ని. ఆ పెరుగు కప్పు నా మనసులోంచి పోవడం లేదు. తెలిసినవారు చెప్పండి. ఇదంతా ఎక్కడికి పోతుంది? ఎందుకు పారేయాలి?

మేఘమాల | ఆదివారం, ఉదయం 9:42

కృష్ణాతీరం గారూ, నేను తొమ్మిదేళ్లు విమానాల్లో వడ్డించాను. మొదట దేశీయ మార్గాల్లో, తర్వాత అంతర్జాతీయ మార్గాల్లో. మీ ప్రశ్న నన్ను ఎందరో అడిగారు. ట్రాలీ తోసుకుంటూ పూర్తి జవాబు చెప్పే వ్యవధి ఏనాడూ దొరకలేదు. ఇప్పుడు చెబుతాను.

ఆ భోజనం మీరు ఎక్కడానికి చాలా గంటల ముందే ఫ్లైట్ కిచెన్‌లో తయారవుతుంది. వండిన వెంటనే గబగబా చల్లార్చి 5 డిగ్రీల లోపు ఉంచుతారు. ట్రాలీల్లో సర్ది విమానం ఎక్కిస్తారు. అన్నం, కూర ఉన్న డబ్బాలను గ్యాలీలోని, అంటే విమానంలోని చిన్న వంటగదిలోని, ఓవెన్‌లో మేము మళ్లీ వేడి చేస్తాం. ఒకసారి వేడి చేసినదాన్ని తిరిగి చల్లార్చి ఇంకో ప్రయాణంలో పెట్టడానికి వీల్లేదు. అలా పెడితే కడుపులు చెడతాయి. పెరుగు కప్పు సంగతి వేరే కదా అనిపిస్తుంది. కానీ అది చల్లటి చోటు నుంచి బయటికొచ్చి ఎంతసేపయిందో, ఎంత వేడెక్కిందో ఎవరూ లెక్క రాయరు. లెక్క లేనిదాన్ని మరొకరికి పెట్టే ధైర్యం ఏ వంటశాలా చేయదు.

అందుకే ట్రేను ఉన్నదున్నట్టు ట్రాలీలోకి తోసేస్తాం. దిగాక ట్రాలీలు తిరిగి ఫ్లైట్ కిచెన్‌కు వెళతాయి. అక్కడ పాత్రలు కడిగే విభాగంలో మనుషులు వరుసగా నిలబడి ట్రేలు ఖాళీ చేస్తారు. కడిగి వాడుకునే గిన్నెలు ఒక పక్కకు, తక్కినవన్నీ ఒకే తొట్టిలోకి. అన్నం, కవరు, పెరుగు, కాగితం, వెన్న, అన్నీ ఒకదాని మీద ఒకటి.

మీరైనా తినవచ్చు కదా అని కొందరు పెద్దవాళ్లు అనేవారు. మా సంస్థలో విమానం నుంచి బిస్కెట్ పొట్లం కూడా బయటికి తీసుకుపోకూడదు. దిగేటప్పుడు మా సంచులు వెతికిన రోజులున్నాయి.

నిలదీత | ఆదివారం, ఉదయం 10:05

వండిన అన్నం సంగతి ఒప్పుకుంటాను. సీలు విప్పని నీళ్ల సీసా ఏం పాపం చేసింది? పెళ్లిలో భోజనం మిగిలితే మనం అనాథ శరణాలయానికి ఫోన్ చేస్తాం. విమానాశ్రయం నుంచి ఆ పని ఎందుకు జరగదు? భద్రత పేరు చెప్పి చేతులు దులుపుకుంటున్నారని నా అనుమానం.

పశువైద్యం | ఆదివారం, మధ్యాహ్నం 1:20

నిలదీత గారూ, మీ కోపం న్యాయమైనదే. అయితే దీని వెనక పశువుల రోగాల చరిత్ర ఉంది. పశుసంవర్ధక శాఖలో పనిచేసి విరమించినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

1957లో అంగోలా నుంచి లిస్బన్‌కు వచ్చిన విమానాల్లో మిగిలిన ఆహారాన్ని ఆ విమానాశ్రయం దగ్గరి పందులకు పెట్టారు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే రోగం ఆఫ్రికా ఖండం దాటి ఐరోపాలో అడుగుపెట్టింది ఆ దారినే. మనుషులకు సోకదు గానీ పందుల మందలకు మందలు చచ్చిపోతాయి. స్పెయిన్, పోర్చుగల్ దాన్ని వదిలించుకోవడానికి 1990ల దాకా పట్టింది. మన దేశంలో అదే రోగం 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో తొలిసారి బయటపడింది.

రెండోది గాలికుంటు. 2001లో బ్రిటన్‌ను కుదిపేసిన గాలికుంటు వ్యాధి ఇంగ్లండు ఉత్తర భాగంలోని ఒక పందుల దొడ్డిలో, సరిగా ఉడికించని ఎంగిలి కూడు మేపడం వల్ల మొదలైందని అక్కడి అధికారులు నిర్ధారించారు. 60 లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చింది. టీవీలో ఆ పశువుల చితులు చూసి రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. ఆ ఏడాదే అక్కడ ఎంగిలి కూడు మేపడాన్ని నిషేధించారు.

అందుకే పై దేశాల నుంచి వచ్చే విమానాల్లోని ఆహారపు చెత్తను ఐరోపా సమాఖ్య చట్టం అత్యంత ప్రమాదకరమైన మొదటి తరగతిలో పెట్టింది. కాల్చాలి, లేదా అనుమతి ఉన్న చోట లోతుగా పూడ్చాలి. అమెరికాలో అయితే కాల్చి బూడిద చేయాలి, లేదా 100 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి ఆ తర్వాత పూడ్చాలి. మాంసం, పాలు, గుడ్లు తగిలిన కవర్లూ కాగితాలూ అదే లెక్కలోకి వస్తాయి. పెరుగు కప్పు పాల పదార్థం. మూత తీసినా తీయకపోయినా చట్టం దృష్టిలో ఒకటే.

కాల్చక తప్పనప్పుడు ఆ వేడినైనా వాడుకోవచ్చు. లండన్ దగ్గరి గాట్విక్ విమానాశ్రయంలో 2017లో ఈ తరగతి చెత్తను అక్కడికక్కడే కాల్చి ఆ వేడిని వినియోగించడం మొదలుపెట్టారు. మన పెద్ద విమానాశ్రయాలూ ఆలోచించదగ్గ పద్ధతి అది.

డల్లాస్ తెలుగు | ఆదివారం, సాయంత్రం 6:48

ఇప్పుడు అర్థమైంది. అత్తగారు విమానంలో ఇచ్చిన ఆపిల్ పండును సంచిలో వేసుకుని దిగితే ఇక్కడి తనిఖీలో తీసుకుని పారేశారు. “ఒక్క పండు కోసం ఇంత రాద్ధాంతమా” అని ఆవిడ చాలా నొచ్చుకున్నారు. ఆవిడకు ఈ లిస్బన్ కథ చెబుతాను.

మేఘమాల | ఆదివారం, రాత్రి 8:15

ఒక్క విషయం కలుపుతాను. ఖాళీ నీళ్ల సీసాలు, పానీయాల డబ్బాలు ఎంగిలి ఆహారంతో కలవకుండా విడిగా ఉంచితే చాలా చోట్ల వాటిని పునర్వినియోగానికి తీసుకుంటారు. చిక్కంతా ఆ విడదీయడంలోనే ఉంది. మీరు తాగిన కాఫీ కప్పును సీసాలో కుక్కి, దాని మీద పేపరు నాప్కిన్ ముద్ద పెట్టి ఇస్తే ఇక ఆ సీసా కూడా పాలు తగిలిన చెత్తే. దయచేసి సీసాను సీసాగా ఇవ్వండి, కప్పును కప్పుగా ఇవ్వండి. ఒకదాంట్లో ఒకటి సర్ది ఇవ్వడం మాకు సాయం అనుకుని చేస్తారు. చేతులకు సాయమే గానీ, చెత్త వేరు చేసేవారికి అది పెద్ద అడ్డంకి.

నిలదీత | సోమవారం, ఉదయం 7:30

పశువైద్యం గారికి కృతజ్ఞతలు. నా అనుమానంలో సగం తీరింది.

మిగిలిన సగం ఇది. ప్రపంచంలో ఇంధనాల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో విమానాల వాటా సుమారు రెండున్నర శాతం. అది దాదాపు అంతా ఇంజన్లలో మండే ఇంధనానిదే. ఆ లెక్క ముందు చెంచాలు, కప్పులు ఏపాటివి? ప్లాస్టిక్ చెంచా తీసేసి చెక్క చెంచా పెడితే ప్రయాణికుడు తృప్తిగా దిగిపోతాడు. ఇంజను మాత్రం ఎప్పటిలాగే మండుతుంది. అసలు విషయం నుంచి మన చూపు పక్కకు పోతోందని భయం.

రెక్కబలం | సోమవారం, ఉదయం 11:00

నిలదీత గారూ, నేను విమానాల బరువు, సమతూకం లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్నాను. మీరు వేరు చేసి చూపిన రెండూ నిజానికి ఒకటే. విమానంలో చెంచా కూడా ఇంధనమే.

విమానం మోసే అదనపు బరువులో గంటకు సుమారు 3 శాతం ఇంధనం ఆ బరువును మోయడానికే ఖర్చవుతుందని లెక్క వేసుకోవచ్చు. దూర ప్రయాణాల్లో ఇంకొంచెం ఎక్కువ. ఒక కిలో విమాన ఇంధనం మండితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది.

కృష్ణాతీరం గారి విమానాన్నే ఉదాహరణగా తీసుకుందాం. ఎవరూ ముట్టని ట్రేలు 40 అనుకోండి, ఒక్కోటి ముప్పావు కిలో అనుకోండి. మొత్తం 30 కిలోలు. నాలుగు గంటల ప్రయాణానికి 12 శాతం, అంటే 3.6 కిలోల ఇంధనం. దాని నుంచి 11 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్. ఒక రోజుకు ఇది చిన్న సంఖ్యే. అదే విమానం ఏడాది పొడవునా రోజూ తిరిగితే 4 టన్నులు దాటుతుంది. ఒక్క మార్గంలో, రోజుకు ఒక్క విమానంలో, ఎవరూ తినని అన్నాన్ని ఆకాశంలో ఊరేగించడానికి. ఆ అన్నం పండించడానికి, వండడానికి, చల్లార్చడానికి, చివరకు కాల్చడానికి అయిన ఖర్చు ఇందులో కలపలేదు.

ఈ రంగంలో గ్రాములకు ఎంత విలువ ఉందో చెప్పే రెండు సంగతులు. 1980లలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి రాబర్ట్ క్రాండల్ ప్రతి సలాడ్ నుంచి ఒక్క ఆలివ్ కాయ తీయించి ఏటా 40 వేల డాలర్లు మిగిల్చారని మా శిక్షణలో చెప్పేవారు. ఆయన చూసింది కాయ ధర. బరువు లెక్క తర్వాత వచ్చింది. 2018లో యునైటెడ్ సంస్థ సీట్ల జేబుల్లో పెట్టే తన పత్రికను పలుచని కాగితంపై ముద్రించి ఒక్కో ప్రతిని ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు, తేలిక చేసింది. దానివల్ల ఏడాదికి 1,70,000 గ్యాలన్ల ఇంధనం మిగులుతుందని లెక్క కట్టారు.

అందుకే కొత్త ట్రాలీలు తేలిక లోహంతో, మిశ్రమ పదార్థాలతో చేస్తున్నారు. తాగునీటి ట్యాంకును ప్రతిసారీ నిండుగా కాకుండా ప్రయాణ దూరాన్ని, ప్రయాణికుల సంఖ్యను బట్టి నింపుతున్నారు. ఇవి ఎవరి కంటికీ కనపడవు, ఫొటోల్లోకి ఎక్కవు. నా దృష్టిలో చెక్క చెంచా కంటే ఇవే ముఖ్యం.

అడ్డాకు | సోమవారం, మధ్యాహ్నం 2:36

మాది పాడేరు వైపు. అడ్డాకు విస్తర్లు కుట్టే మహిళా సంఘాలతో పనిచేస్తాను. చర్చంతా చదివాక నా మనసులో ఒకటే ప్రశ్న. ఈ రేకు డబ్బాలు, ప్లాస్టిక్ గిన్నెల స్థానంలో మన అడ్డాకు దొన్నెలు, పోక మట్ట పళ్లేలు ఎందుకు పెట్టరు? తేలికగా ఉంటాయి. మట్టిలో కలిసిపోతాయి. మా అక్కచెల్లెళ్లు అడవి నుంచి ఆకు తెచ్చి, ఎండలో ఆరబెట్టి, సన్నటి వెదురు పుల్లలతో కుడతారు. ఒక్కో విస్తరికి వాళ్లకు వచ్చేది చాలా తక్కువ. విమాన సంస్థ ఒక్కటి కొన్నా మా ఊళ్లకు ఏడాది పొడవునా పని దొరుకుతుంది.

పాకశాల | సోమవారం, రాత్రి 11:50

అడ్డాకు గారూ, నేను గల్ఫ్‌లో ఒక ఫ్లైట్ కిచెన్‌లో పదకొండేళ్లుగా ఉన్నాను. మాది జగిత్యాల దగ్గర. చిన్నప్పుడు మా ఇంట్లో పండగకు మోదుగాకు విస్తర్లే. కాబట్టి మీ మాట నాకు ఇష్టమైన మాట. అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

వేడి భోజనం డబ్బా ముందు 5 డిగ్రీల చలిలో ఉంటుంది, తర్వాత పొగలు కక్కే ఓవెన్‌లోకి వెళుతుంది. చలిలో ఆకు చెమ్మ పట్టి మెత్తబడుతుంది, వేడిలో పెళుసెక్కి చీలుతుంది. పులుసు కూర ఉంటే కుట్ల మధ్య నుంచి కారుతుంది. పైగా ట్రాలీలో ప్రతి డబ్బా ఒకే కొలతలో ఉండాలి, మిల్లీమీటరు తేడా వచ్చినా అరలో ఇరుక్కుంటుంది. చేతితో కుట్టిన ఆకుకు ఆ కొలత కష్టం. రేకు డబ్బానే ఎందుకు వాడతారంటే ఈ అన్నింటికీ అది తట్టుకుంటుంది. శుభ్రంగా విడదీస్తే అల్యూమినియాన్ని కరిగించి మళ్లీ వాడుకోవచ్చు, ఖనిజం నుంచి తీసేదానితో పోలిస్తే 95 శాతం శక్తి మిగులుతుంది. కూర అంటిన రేకును ఎవరు కడుగుతారు అన్నదే సమస్య.

అయితే మీరు ఆశ వదులుకోవద్దు. చల్లగా పెట్టే పదార్థాలు ఉన్నాయి: ఎండు పండ్లు, జీడిపప్పు, మిఠాయి, శాండ్‌విచ్. వీటికి ఓవెన్ అవసరం లేదు. అచ్చు యంత్రంతో నొక్కి ఒకే కొలతలో చేసిన ఆకు గిన్నె వీటికి చక్కగా సరిపోతుంది. చెరకు పిప్పితో చేసిన గిన్నెలు ఇప్పటికే కొన్ని విమానాల్లో వస్తున్నాయి. ఎవరినైనా కలిసేటప్పుడు వేడి భోజనం గురించి కాకుండా వీటి గురించి అడగండి.

అడ్డాకు | మంగళవారం, ఉదయం 6:20

చాలా ఉపయోగపడే మాట చెప్పారు అన్నా. మా సంఘంలో అచ్చు యంత్రాలు రెండు ఉన్నాయి. లోతు తక్కువ గిన్నె చేసి చూస్తాం. ట్రే అర ఎంత వెడల్పు ఉంటుందో కొలతలు పంపగలరా?

పాకశాల | మంగళవారం, ఉదయం 6:55

ఈ రోజు డ్యూటీలో టేపు పెట్టి కొలిచి, ఫొటోతో విడిగా పంపుతాను.

డల్లాస్ తెలుగు | మంగళవారం, ఉదయం 8:30

ప్లాస్టిక్ లేని విమానాలు నడిపి చూపించారు కదా! 2018 డిసెంబరు 26న హై ఫ్లై అనే పోర్చుగీసు సంస్థ లిస్బన్ నుంచి బ్రెజిల్‌కు ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ లేకుండా నడిపింది. 2019 ఏప్రిల్‌లో ఎతిహాద్ అబుధాబి నుంచి బ్రిస్బేన్‌కు, మేలో క్వాంటాస్ సిడ్నీ నుంచి అడిలైడ్‌కు అలాంటివే నడిపాయి. క్వాంటాస్ ఆ ఒక్క ప్రయాణంలో వెయ్యి దాకా ప్లాస్టిక్ వస్తువులను మార్చడమో తీసేయడమో చేసింది. మామూలుగా ఆ విమానంలో 34 కిలోల చెత్త వచ్చేదట. ఒక్క రోజు సాధ్యమైనది రోజూ ఎందుకు కాదు?

మేఘమాల | మంగళవారం, ఉదయం 10:10

ఆ ప్రయోగాల వల్ల మేలే జరిగింది, ఏ వస్తువు తీసేయవచ్చో తెలిసింది. మన దేశంలో 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ చెంచాలు, కప్పులు, కలిపే పుల్లలు, స్ట్రాలు చట్టం ప్రకారమే నిషిద్ధం. దేశీయ విమానాల్లో చెక్క చెంచా, కాగితం కప్పు వచ్చింది అందుకే. ఐరోపాలో ఇలాంటి నిషేధం అంతకు ఏడాది ముందే వచ్చింది.

కానీ కాగితం కప్పు లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. లేకపోతే టీ పోసిన కాసేపటికే నాని కారిపోతుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో పరీక్షించి, అలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం పావుగంట ఉంచితే సుమారు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు అందులో కలుస్తాయని చెప్పారు. అది చదివిన రోజు నుంచి నేను స్టీలు గ్లాసు మూతతో సహా సంచిలో పెట్టుకునే తిరుగుతున్నాను. మొక్కజొన్న పిండితో చేసిన ‘మట్టిలో కలిసే’ ప్లాస్టిక్ అయినా దాదాపు 60 డిగ్రీల వేడి అందే ప్రత్యేక కంపోస్టు కేంద్రంలోనే చక్కగా కుళ్లుతుంది. మన పెరటి గుంతలో ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది.

నిలదీత | మంగళవారం, మధ్యాహ్నం 12:25

ఇంకొకటి కూడా మాట్లాడుకోవాలి. 2023లో ఇండిగో డబ్బా పానీయాలు ఆపేసి, తినుబండారం కొన్నవారికి గ్లాసులో పోసి ఇవ్వడం మొదలుపెట్టింది. వేల డబ్బాలు చెత్తకు పోకుండా ఆగాయని చెప్పింది. పానీయం ఒక్కటే కొనుక్కునే అవకాశం పోయిందని కొందరు ప్రయాణికులు బాధపడ్డారు. పర్యావరణం మాట ఎత్తిన ప్రతిసారీ ప్రయాణికుడికి ఏదో ఒకటి తగ్గుతోంది, టికెట్టు ధర మాత్రం తగ్గడం లేదు.

రెక్కబలం | మంగళవారం, మధ్యాహ్నం 1:05

ఈ విషయంలో మీతో సగం ఏకీభవిస్తాను. పెద్ద సీసా నుంచి పోస్తే డబ్బాల బరువు, సంఖ్య తగ్గే మాట నిజం. అయితే అల్యూమినియం డబ్బా తిరిగి కరిగించడానికి అనువైనది, ప్లాస్టిక్ పొర ఉన్న కాగితం కప్పు కాదు. ఏది మేలన్నది దిగాక కింద ఏం జరుగుతుందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. డబ్బాలన్నీ విడిగా తీసి కరిగించేవారికి పంపే ఊరిలో డబ్బా మేలు. అన్నీ కలిపి గుంతలో పోసే ఊరిలో తక్కువ చెత్త తెచ్చేదే మేలు.

మేఘమాల | మంగళవారం, రాత్రి 9:30

ఆ ‘కింద’ గురించి నేను చూసినది చెప్పి తీరాలి. ఇన్నాళ్లూ ఎక్కడా చెప్పుకోలేదు.

దేశీయ మార్గంలో మధ్యాహ్నపు విమానం. దిగడానికి ఇరవై నిమిషాల ముందు చేతికి తొడుగులు వేసుకుని నడవాలో చెత్త సేకరిస్తాం. ఆ రోజుల్లో మా బృందంలో నలుగురం ఒక నియమం పెట్టుకున్నాం. నా చేతిలో తెల్ల సంచి, అందులో సీసాలూ డబ్బాలూ. నా వెనక వచ్చే అమ్మాయి చేతిలో నల్ల సంచి, అందులో తక్కినవి. వరుసకు ఆరుగురు, ముప్పై వరుసలు. నూడుల్స్ కప్పు అడుగున మిగిలిన పులుసు ఒలకకుండా పట్టుకుని, నీళ్లు మిగిలిన సీసాలను గ్యాలీలో వంచేసి, మూతలు బిగించి, తెల్ల సంచి మూతి కట్టేదాన్ని. మణికట్లు నొప్పి పెట్టేవి. అయినా ఆ సంచి శుభ్రంగా కనపడితే చాలా సంతోషం వేసేది. నెల రోజులు చేశాం.

ఒకరోజు విమానం ఆగాక వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. శుభ్రం చేసేవాళ్లు రెండు సంచులూ దించారు. కింద ఒకే బండి. తెల్ల సంచినీ నల్ల సంచినీ ఒకే తొట్టిలోకి విసిరారు. తెల్ల సంచి చిట్లి సీసాలు నూడుల్స్ పులుసులో పడ్డాయి. నా పక్కనున్న అమ్మాయి ఏమీ అనకుండా తొడుగులు తీసేసింది. ఆ తర్వాత వారం నుంచి మేమూ ఒకే సంచి పట్టాం.

శుభ్రపథం | మంగళవారం, రాత్రి 10:44

మేడమ్, నేను ఒక విమానాశ్రయంలో శుభ్రపరిచే బృందానికి సూపర్‌వైజర్‌గా చేశాను. మీరు చెప్పిన దృశ్యం చదివి చాలా సిగ్గుపడ్డాను, ఎందుకంటే అలా విసిరినవారిలో మా కుర్రవాళ్లూ ఉండి ఉంటారు.

మా వైపు సంగతి కూడా చెప్పనివ్వండి. తక్కువ ఖర్చు విమానం దిగి మళ్లీ ఎగరడానికి మధ్య అరగంటే. అందులో మాకు దొరికేది పదిహేను నిమిషాల లోపు. కాంట్రాక్టు కాగితంలో ‘చెత్త తొలగించాలి’ అని ఉంటుంది, ‘విడదీసి అప్పగించాలి’ అని ఉండదు. రెండో తొట్టి ఉన్న బండి మాకు ఇవ్వలేదు. తెల్ల సంచి అంటే ఏమిటో మా వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే చేసేవాళ్లమని నమ్మకంగా అంటున్నాను. మా కుర్రవాళ్లలో చాలామంది పాత సామాను కొనేవారి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు. అల్యూమినియం డబ్బా విలువ వాళ్లకు మనందరికంటే బాగా తెలుసు.

మేఘమాల | మంగళవారం, రాత్రి 11:02

సిగ్గుపడకండి. తప్పు మీది కాదని ఇప్పుడు తెలిసింది. ఆ రోజు కిందికి దిగి మీ వాళ్లతో రెండు మాటలు మాట్లాడి ఉండాల్సింది నేను.

పాకశాల | బుధవారం, రాత్రి 12:30

చెత్త విడదీయడం గురించి చాలా మాట్లాడుకున్నాం. అసలు పైకి ఎక్కించకుండా ఉండటం గురించి నేను చెబుతాను, నా పని అదే కాబట్టి.

అంతర్జాతీయ విమాన రవాణా సంఘం, ఐయాటా, ఇటీవలి అంచనా ప్రకారం విమానాల క్యాబిన్, భోజన సేవల నుంచి ఏడాదికి సుమారు 36 లక్షల టన్నుల చెత్త వస్తోంది. అందులో 65 శాతం ఆహారం, పానీయాలే. ముట్టని భోజనాల వాటా 18 శాతం. అంటే కృష్ణాతీరం గారు చూసిన ట్రే లాంటివి కలిస్తే 6 లక్షల టన్నులు దాటుతుంది.

ఇంత ఎందుకు మిగులుతుంది? విమానం బయలుదేరడానికి చాలా ముందే మాకు ప్రయాణికుల సంఖ్య వస్తుంది. దాన్ని బట్టి వంట మొదలుపెడతాం. తర్వాత కొందరు రారు, కొందరు వేరే విమానానికి మారతారు. కోడి కావాలన్నవారు శాకాహారం అడుగుతారు. ఎవరికీ లేదనకూడదని ఎక్కువే పంపుతాం. ఒక్క ప్రయాణికుడికి భోజనం అందకపోతే ఫిర్యాదు వస్తుంది. నలభై ట్రేలు పారేసినా ఎవరూ ఫిర్యాదు చేయరు. ఈ ఒక్క మాటలో సమస్యంతా ఉంది.

మనవాళ్లు తెలియక చేసేది ఒకటి చెప్పాలి. ఏవీఎంఎల్ అనే భారతీయ శాకాహార భోజనం ముందుగా చెప్పుకుని, విమానం ఎక్కాక పక్కవారి బిర్యానీ వాసన చూసి అది అడుగుతారు. ఆ ప్రత్యేక భోజనం మీ పేరుతో, మీ సీటు నంబరు చీటీతో వండింది. దాన్ని తినేవారు ఇంకెవరూ ఉండరు.

మంచి పద్ధతులు వస్తున్నాయి. జపాన్ ఎయిర్‌లైన్స్ టికెట్టు తీసుకున్నాక ‘నాకు భోజనం వద్దు’ అని ముందే చెప్పే వీలు కల్పించింది. అలా వదులుకున్న భోజనాలకు కొంత సొమ్మును పిల్లల బడి భోజనాలకు ఇస్తుంది. కేఎల్ఎం సంస్థ ఎంతమంది నిజంగా ఎక్కుతారో కంప్యూటర్‌తో ముందే అంచనా వేసి భోజనాలు తగ్గిస్తోంది. ఎమిరేట్స్ పాత ట్రేలు, గిన్నెలు పొడి చేసి మళ్లీ ట్రేలు చేయిస్తోంది. ఎకానమీలో కప్పుకునే వాళ్ల దుప్పటి ఒక్కోటి 28 ప్లాస్టిక్ సీసాల నుంచి తీసిన దారంతో నేసింది.

కృష్ణాతీరం | బుధవారం, ఉదయం 7:15

‘పిల్లల బడి భోజనాలకు’ అన్న చోట ఆగిపోయి మళ్లీ చదివాను. నేను అడిగినదానికి ఇంతకంటే సూటిగా జవాబు ఉండదు బాబూ.

పశువైద్యం | బుధవారం, ఉదయం 9:00

ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్లేవారికి ఒక మనవి. చాలా మంచి అలవాటు. అయితే విదేశీ ప్రయాణమైతే విమానంలోనే పూర్తిగా తినేయండి, మిగిలింది దిగాక సంచిలో ఉంచుకోకండి. పాల పదార్థాలు, మాంసం పచ్చళ్లు, పండ్ల విషయంలో మరీ జాగ్రత్త.

మేఘమాల | బుధవారం, ఉదయం 9:40

ఇంకో చిన్న మాట. వద్దనుకుంటే ట్రే మీ బల్ల మీద పెట్టకముందే వద్దని చెప్పండి. మీ ముందు పెట్టని భోజనాన్ని ఇంకా ఆకలిగా ఉందని అడిగినవారికి ఇవ్వగలం. రెండోసారి అడగడానికి మొహమాటపడే పిల్లలను, కూలి పని నుంచి తిరిగి వచ్చేవాళ్లను గల్ఫ్ విమానాల్లో ఎంతమందిని చూశానో. ఒకసారి మీ బల్ల మీద పెట్టాక ఇక మా చేతిలో ఏమీ లేదు.

కృష్ణాతీరం | శనివారం, సాయంత్రం 5:20

జూన్‌లో మావారు అమ్మాయి దగ్గరకు వెళుతున్నారు. టికెట్టు తీసుకుంటూ విమాన సంస్థ వెబ్‌సైట్‌లో భోజనం పేజీ తెరిచాను. పిల్లల భోజనం, ఉప్పు తక్కువ భోజనం, చక్కెర రోగుల భోజనం, జైన భోజనం, అన్నీ ఉన్నాయి. ‘భోజనం వద్దు’ అన్నది లేదు. ఫోన్ చేస్తే “అలాంటి ఏర్పాటు లేదు మేడమ్, తినకపోతే వదిలేయండి” అన్నారు.

అందుకని ఉత్తరం రాశాను. పంపే ముందు మీరంతా చూసి సరిదిద్దండి:

“అయ్యా, మీ విమానాల్లో రాత్రి పూట నిద్రపోయే ప్రయాణికులకు పెట్టిన భోజనం ముట్టకుండానే పారేయవలసి వస్తోంది. టికెట్టు తీసుకునేటప్పుడే ‘భోజనం వద్దు’ అని గుర్తు పెట్టే వీలు కల్పించండి. అలా వదులుకున్న భోజనాల ఖర్చులో కొంత బడి పిల్లల భోజనానికి ఇవ్వగలిగితే మాలాంటివారు ఎందరో సంతోషంగా వదులుకుంటారు. దేశీయ మార్గాల్లో మీ సిబ్బంది విడదీసిన చెత్తను కింద కూడా విడిగానే తీసుకునేలా, రెండు తొట్లున్న బండిని మీ కాంట్రాక్టులో చేర్చండి.”

శుభ్రపథం | శనివారం, సాయంత్రం 6:02

రెండు తొట్ల మాట రాసినందుకు చాలా సంతోషం అమ్మా. ‘శుభ్రం చేసేవారికి సంచుల రంగుల గురించి చెప్పండి’ అని కూడా చేర్చండి.

మేఘమాల | శనివారం, సాయంత్రం 6:30

ఇంకొక్క వాక్యం చేర్చండి టీచర్ గారూ: “రాత్రి విమానాల్లో ఎక్కగానే అడిగి, నిద్రపోతామన్నవారి సీటు తలవైపు ఒక చిన్న చీటీ అంటించండి.” దానికి వెబ్‌సైట్ మార్చనక్కరలేదు, రేపటి నుంచే చేయవచ్చు. నడవాలో ట్రాలీ తోసే అమ్మాయికి ఆ చీటీ కనపడితే చాలు.

కృష్ణాతీరం | శనివారం, రాత్రి 7:10

రెండు వాక్యాలూ చేర్చాను. ఇప్పుడే పంపాను. జవాబు రాగానే ఇక్కడే పెడతాను.